దేశాలు దాటి ఆడే మిడ్‌ఫీల్డర్ కెరీర్: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో పొద్దున్నే పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తుంటాను. గ్రౌండ్ గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులు, గుంటూరు నుంచి ఫోన్ చేసేవాళ్లు, ఇంటర్ చదివే కుర్రాళ్లు అడిగేవి చాలావరకు అవే ప్రశ్నలు, అందుకే అన్నిటికీ ఒకచోట జవాబులు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వెళ్లిన దేశం పేరు చూసి మురిసిపోవద్దు. అక్కడ ఎన్ని నిమిషాలు ఆడాడు, చేతిలో ఉన్న కాగితంలో ఏం రాసి ఉంది, ఈ రెండే మిడ్‌ఫీల్డర్‌ని నిలబెడతాయి. కింద జవాబులన్నీ దాదాపు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మిడ్‌ఫీల్డర్ అంటే మధ్యలో ఆడేవాడేనా?

మధ్యలోనే, కానీ పనులు వేరు. డిఫెన్స్ ముందు నిలబడి అవతలి జట్టు దాడిని తుంచేవాడిని 6 అంటారు, ఈ గోల్ దగ్గర్నుంచి ఆ గోల్ దాకా తిరుగుతూ ఆడేవాడు 8, స్ట్రైకర్ వెనక ఉండి గోల్‌కి దారి తీసేవాడు 10. మ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తేది సాధారణంగా వీళ్లే, పెద్ద స్థాయిలో ఒక్కొక్కరు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతారు. అయితే పరుగు ఒక్కటే సరిపోదు. బెంజ్ సర్కిల్లో డ్యూటీ చేసే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి నాలుగు వైపులా ఏం వస్తోందో ఎలా తెలిసి ఉండాలో, మిడ్‌ఫీల్డర్‌కి బంతి కాలికి రాకముందే చుట్టూ ఎవరెక్కడ ఉన్నారో అలా తెలిసి ఉండాలి. దీన్ని స్కానింగ్ అంటారు. నార్వే పరిశోధకుడు గైర్ జోర్డెట్ ఆటగాళ్ల వీడియోలు దగ్గరగా చూసి, మంచి మిడ్‌ఫీల్డర్లు బంతి వచ్చే ముందు తల ఎన్నిసార్లు తిప్పుతారో లెక్కగట్టాడు, అందులో ఫ్రాంక్ లాంపార్డ్ పైవరసలో కనిపిస్తాడు.

బాక్స్ టర్ఫ్‌లో మాత్రమే ఆడి పెరిగిన పిల్లలకు నేను గట్టిగా చెప్పేది కూడా ఇదే. చిన్న చోట కాళ్లు బాగా ఆడతాయి, కానీ పెద్ద గ్రౌండ్‌లో వెనక ముప్పై మీటర్ల దూరంలో ఎవరున్నారో చూసే అలవాటు రాదు. వారంలో కొన్ని రోజులైనా పూర్తి సైజు గ్రౌండ్‌లో ఆడాలి.

దేశం మారితే ఆట కూడా మారుతుందా?

మారుతుంది, మిడ్‌ఫీల్డర్‌కి అందరికన్నా ఎక్కువ మారుతుంది. గోల్‌కీపర్ ఏ దేశం వెళ్లినా అదే గోల్ ముందు నిలబడతాడు, స్ట్రైకర్‌కి గోల్ కొట్టడమే పని. మిడ్‌ఫీల్డర్ మాత్రం ఆ జట్టు ఎంత వేగంగా ఆడుతుంది, డిఫెండర్లు బంతిని కిందనుంచి ఇస్తారా గాల్లో కొడతారా, రిఫరీ ఎంతవరకు ఒంటి మీదకి రానిస్తాడు, ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాలి.

నేను పిల్లలకు చూపించే కెరీర్ షాబి అలొన్సోది. రియల్ సోసియెడాడ్‌లో పెరిగి 2004లో లివర్‌పూల్ వెళ్లాడు, మొదటి సీజన్‌లోనే, అంటే 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ (యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ) ఫైనల్లో 3-3 చేసిన గోల్ అతనిదే. ఇంగ్లండ్‌లో ఆట వేగం ఎక్కువ, బంతి కోసం ఒంటితో కొట్లాడాలి. అక్కడి కుర్రాళ్లు తమ బలం ఏంటంటే ట్యాక్లింగ్, అంటే అవతలివాడి కాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కోవడం, అని చెబుతుంటే తనకు వింతగా ఉండేదని, తన దృష్టిలో ట్యాక్లింగ్ అన్నది వేరే దారి లేనప్పుడు వాడేదని అతను ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. అయినా ఐదేళ్లు ఆ లీగ్‌లో నిలిచాడు, ఎందుకంటే ఎక్కడ నిలబడితే ట్యాక్లింగ్ అవసరమే రాదో తెలుసు. 2009లో రియల్ మాడ్రిడ్, 2014లో బయర్న్ మ్యూనిక్, 2017లో రిటైర్మెంట్. మూడు దేశాల లీగ్‌ల్లో పరుగు వేగం పెద్దగా లేకుండానే ఆడాడు, పాస్, చోటు ఎంచుకోవడం, తల తిప్పి చూడటం అన్నిచోట్లా పనికొచ్చాయి. పదేళ్ల పిల్లవాడికి స్టెప్ఓవర్లు (బంతి మీదుగా కాలు తిప్పి ఏమార్చడం) నేర్పే ముందు నేర్పాల్సినవి ఇవే అని నా నమ్మకం.

మన దగ్గరికి వచ్చిన విదేశీ మిడ్‌ఫీల్డర్లని కూడా చూడండి. 2021-22 సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచినప్పుడు మధ్యలో జట్టును నడిపిన బ్రెజిల్ ఆటగాడు జోవావ్ విక్టర్ అంతకుముందు ఉజ్బెకిస్తాన్, స్పెయిన్, ఖతర్, గ్రీస్ దేశాల్లో ఆడి వచ్చినవాడే. ఇన్ని దేశాలు తిరిగినవాడి ఆట టీవీలో మెరుపులా కనిపించదు, కానీ అతను లేని మ్యాచ్‌లో తేడా తెలిసిపోతుంది.

తెలుగువాళ్లెవరైనా ఆ స్థాయికి వెళ్లారా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు వికాస్ ధొరాసూ పేరు చెప్పడం ఇష్టం, మనవాళ్లలో చాలామందికి అతను తెలియకపోవడం బాధగా ఉంటుంది. 1973లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. వాళ్లది మారిషస్ నుంచి వెళ్లిన కుటుంబం, మూలాలు తెలుగు. ఓడరేవు ఊరు లె హావ్ర్ క్లబ్‌లో పెరిగాడు, లియోన్‌తో 2003, 2004 ఫ్రెంచ్ లీగ్‌లు గెలిచాడు, తర్వాత ఇటలీలో ఏసీ మిలాన్‌కి వెళ్లాడు. అక్కడ పిర్లో, సీడార్ఫ్, కాకా ఉన్న మిడ్‌ఫీల్డ్‌లో ఆడే అవకాశాలు తక్కువే వచ్చాయి, ఒక్క సీజన్‌తో వెనక్కి వచ్చి పారిస్ సెయింట్ జెర్మైన్‌లో చేరాడు. చేరిన సీజన్‌లోనే, 2006 ఫ్రెంచ్ కప్ ఫైనల్లో మార్సెయిల్ మీద దూరం నుంచి కొట్టిన గోల్‌తో జట్టుని గెలిపించాడు. అదే ఏడాది ఫ్రాన్స్ తరఫున ప్రపంచకప్‌కి వెళ్లి రెండు మ్యాచ్‌ల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు.  కొన్ని నెలలకే కోచ్‌తో గొడవపడి క్లబ్ నుంచి బయటికి రావాల్సి వచ్చింది, చివరికి ఇటలీలో లివోర్నోలో చేరాడు.

ఇందులో మిలాన్ భాగం గమనించండి. పేరుకి ప్రపంచంలోనే పెద్ద క్లబ్, కానీ ఆడిన నిమిషాలు తక్కువ. పారిస్‌కి వచ్చి వారం వారం ఆడాకే ప్రపంచకప్ పిలుపు వచ్చింది.

ఇక మన గడ్డ మీద పుట్టినవాళ్ల సంగతికొస్తే, ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కి హైదరాబాదే కేంద్రం. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ ఆయనే. ఆయన చేతి కింద భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1965-66లో రాష్ట్ర జట్ల జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆంధ్రప్రదేశ్ జట్టే. ఇప్పటి తరంలో నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తండా నుంచి జాగ్రెబ్ వెళ్లిందంటే, సింగ్‌నగర్ నుంచో పొన్నూరు నుంచో వెళ్లడం కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మా వాడికి 14 ఏళ్లు. స్పెయిన్ క్లబ్‌లో చేర్పిస్తాం, డబ్బు కట్టమని ఒకరు అంటున్నారు. కట్టాలా?

కట్టొద్దు. ముందు రూల్ తెలుసుకోండి. 18 ఏళ్ల లోపు పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కి మార్చడాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధించింది. మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి: ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణానికి, అంటే ఉద్యోగం లాంటి దానికి, తల్లిదండ్రులే ఆ దేశం వెళ్లి ఉంటే ఒకటి, యూరప్ యూనియన్ లోపల 16 నుంచి 18 మధ్య వయసువాళ్లకి ఒకటి, సరిహద్దుకి 50 కిలోమీటర్ల లోపు ఇళ్లున్నవాళ్లకి ఒకటి. విజయవాడలో ఉంటున్న కుటుంబానికి వీటిలో ఏదీ వర్తించదు.

ఈ రూల్ ఎంత గట్టిదో తెలియాలంటే జపాన్ కుర్రాడు టకెఫుసా కుబో కథ చాలు. పదేళ్ల వయసులో 2011లో బార్సిలోనా అకాడమీలో చేరాడు, అద్భుతంగా ఆడాడు. ఆ తర్వాత మైనర్ల విషయంలో నిబంధనలు మీరినందుకు ఫిఫా 2014లో బార్సిలోనాకి కొత్త ఆటగాళ్లని చేర్చుకోకుండా శిక్ష వేసింది, కుబోకి మ్యాచ్‌లు ఆడే వీలు లేకుండా పోయింది, 2015లో జపాన్ తిరిగి వెళ్లిపోయాడు. ఎఫ్‌సీ టోక్యోలో ఆడాడు, 18 నిండాక 2019లో రియల్ మాడ్రిడ్ పిలిచింది, అక్కడినుంచి లోన్ మీద (కొంతకాలానికి వేరే క్లబ్‌కి అప్పుగా పంపడం) మయోర్కా, విల్యారియల్, హెటాఫె, చివరికి 2022లో రియల్ సోసియెడాడ్. బార్సిలోనాకే సాధ్యం కానిది ఇక్కడ ఫోన్‌లో మాట్లాడే మధ్యవర్తికి ఎలా సాధ్యమవుతుంది?

వాళ్లు అమ్ముతున్నది చాలాసార్లు ట్రైనింగ్ క్యాంప్. క్యాంప్ తప్పు కాదు, స్తోమత ఉంటే సెలవుల్లో పంపండి, పిల్లవాడు కొత్త ఆట చూసి వస్తాడు. కానీ అది క్లబ్ రిజిస్ట్రేషన్ కాదు. క్లబ్ జెర్సీ వేసుకుని దిగిన ఫోటో కాంట్రాక్టు కాదు. గుంటూరు దగ్గర ఒక కుటుంబం ఇలాంటి మాట నమ్మి పొలం మీద అప్పు తెచ్చి కట్టింది, అబ్బాయి మూడు వారాల క్యాంప్ చేసి తిరిగొచ్చాడు, ఆ తర్వాత అవతలి ఫోన్ ఎత్తే మనిషి లేడు. ఆ తండ్రి ముఖం గుర్తొచ్చినప్పుడల్లా ఈ జవాబు ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది. నిజంగా కావాలనుకున్న క్లబ్ ఆటగాడికి డబ్బు ఇస్తుంది, ఆటగాడి దగ్గర తీసుకోదు.

మరి 18 దాకా ఏం చేయాలి?

ఆడాలి, అంతే. జిల్లా, రాష్ట్ర జట్టు సెలక్షన్లు, స్కూల్ గేమ్స్, జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) యూత్ లీగ్‌లు ఆడే అకాడమీలు. మన రాష్ట్రంలో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) వాళ్ల అకాడమీ ఉంది, హాస్టల్లో ఉంచి చదువు చెప్పిస్తూ ఆడిస్తారు, ఇంటికి దూరంగా ఉండటం అలవాటవడానికి కూడా అది మంచి మెట్టు. కేరళ, గోవా, బెంగాల్, మణిపూర్, మిజోరం పిల్లలతో తరచుగా ఆడే అవకాశం ఎక్కడ దొరికితే అక్కడికి పంపండి. ఇక్కడి టోర్నమెంట్‌లో హీరో అయినవాడు మణిపూర్ జట్టు ముందు బంతి ముట్టుకోలేకపోవడం మామూలే, అది ఎంత తొందరగా జరిగితే అంత మంచిది.

చిన్న దేశం లీగ్‌కి వెళ్తే కెరీర్ పాడవుతుందా? నేరుగా పెద్ద క్లబ్ కోసం ఆగడం మంచిదా?

ఆగొద్దు. లూకా మోడ్రిచ్‌ని చూడండి. యుద్ధంలో ఇల్లు వదిలి జాడర్ ఊళ్లో హోటల్ గదుల్లో పెరిగిన కుర్రాడు. చిన్నగా, బలహీనంగా ఉన్నాడని హైదుక్ స్ప్లిట్ క్లబ్ వద్దంది. డైనమో జాగ్రెబ్ తీసుకుంది, తీసుకుని 18 ఏళ్ల వయసులో లోన్ మీద బోస్నియాకి, జ్రిన్‌స్కి మోస్తార్ క్లబ్‌కి పంపింది. బోస్నియా లీగ్ అంటే మొరటు ఆట, గతుకుల గ్రౌండ్లు. ఆ సీజన్ అక్కడి లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. అక్కడ ఆడగలిగినవాడు ఎక్కడైనా ఆడగలడన్న అర్థంలో తర్వాత అతనే చెప్పాడు. 2008లో టాటెన్‌హామ్, 2012లో రియల్ మాడ్రిడ్, ఆరు చాంపియన్స్ లీగ్‌లు, 2018లో క్రొయేషియాని ప్రపంచకప్ ఫైనల్ దాకా తీసుకెళ్లి అదే ఏడు ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు. 2025లో 39 ఏళ్ల వయసులో మిలాన్ వెళ్లాడు.

ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటే కూడా అంతే, అక్కడి కింది డివిజన్లలో బులోన్ క్లబ్‌కి ఆడి, కాన్ మీదుగా 2015లో లెస్టర్ చేరాడు, 2016లో లెస్టర్‌తో, 2017లో చెల్సీతో ప్రీమియర్ లీగ్, 2018లో ప్రపంచకప్.

ఇద్దరిలోనూ నాకు కనిపించేది ఒకటే. 18 నుంచి 23 మధ్య వయసులో వాళ్లు బెంచ్ మీద కూర్చోలేదు. మిడ్‌ఫీల్డర్ బుర్ర మ్యాచ్‌లోనే పదునెక్కుతుంది, ట్రైనింగ్‌లో కొంతవరకే. అందుకే ఆఫర్ వచ్చినప్పుడు నేను ముందు అడిగేది దేశం పేరు కాదు: ఆ క్లబ్‌లో ఆ పొజిషన్‌లో ఇప్పుడు ఎవరున్నారు, వాళ్ల వయసెంత, గత సీజన్‌లో 21 ఏళ్ల లోపు వాళ్లని కోచ్ ఎన్ని మ్యాచ్‌లు ఆడించాడు. ఇవి ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.

ఇంగ్లండ్, స్పెయిన్, జర్మనీ: మన పాస్‌పోర్ట్‌తో ఎక్కడ సులువు?

ఎక్కడా సులువు కాదు, కష్టంలో తేడాలున్నాయి.

ఇంగ్లండ్‌లో బ్రెగ్జిట్ (యూరప్ యూనియన్ నుంచి బయటికి రావడం) తర్వాత, అంటే 2021 నుంచి, విదేశీ ఆటగాళ్లందరికీ పాయింట్ల పద్ధతి. దేశం ర్యాంక్, ఆడిన లీగ్ స్థాయి, ఆడిన నిమిషాలు కలిపి లెక్కిస్తారు, భారత ర్యాంక్‌తో, మన లీగ్ నుంచి నేరుగా ఆ పాయింట్లు రావడం చాలా కష్టం. పైగా 18 లోపు విదేశీ ఆటగాడిని ఇంగ్లిష్ క్లబ్ తీసుకోవడానికి వీల్లేదు. సెస్క్ ఫాబ్రెగాస్ 2003లో 16 ఏళ్లకే బార్సిలోనా నుంచి ఆర్సెనల్ వెళ్లాడు, ఇప్పుడు అతనికైనా ఆ దారి మూసుకుపోయినట్టే. స్పెయిన్ పెద్ద లీగ్ లా లిగాలో ఒక్కో మ్యాచ్ జట్టులో యూరప్ యూనియన్ బయటి దేశాలవాళ్లు ముగ్గురికే చోటు, ఆ మూడింటి కోసం బ్రెజిల్, అర్జెంటీనా వాళ్లతో పోటీ. నెదర్లాండ్స్‌లో 20 ఏళ్లు నిండిన బయటి దేశాలవాళ్లకి లీగ్ సగటు కన్నా ఎక్కువ జీతం ఇవ్వాలని రూల్, కాబట్టి అనుకోకుండా ఎవరినీ తీసుకోరు. జర్మనీ బుండెస్‌లిగాలో ఇలాంటి సంఖ్యా పరిమితి లేదు, కానీ స్థాయే పెద్ద పరిమితి. క్రొయేషియా, సైప్రస్, నార్వే లాంటి చోట్ల మనవాళ్లు ఇప్పటికే ఆడారు కాబట్టి నేను ముందు ఆ వైపు చూడమంటాను. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధూ నార్వేలో స్టాబెక్‌కి ఆడి 2016లో యూరోపా లీగ్ మ్యాచ్‌లో దిగాడు.

కాంట్రాక్టులో ఏం చూడాలి?

ఇది నిదానంగా చదవండి, ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే.

కాంట్రాక్టు గరిష్ఠంగా ఐదేళ్లు, 18 లోపు వాళ్లకి మూడేళ్లు. చివరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే క్లబ్‌తో ఒప్పందం చేసుకోవచ్చు, గడువు తీరాక ట్రాన్స్‌ఫర్ ఫీజు (కొత్త క్లబ్ పాత క్లబ్‌కి కట్టే డబ్బు) లేకుండా వెళ్లిపోవచ్చు. ఈ హక్కు ఊరికే రాలేదు. బెల్జియం మిడ్‌ఫీల్డర్ జాన్ మార్క్ బోస్మన్ 1990లో కాంట్రాక్టు అయిపోయాక ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ వెళ్దామనుకుంటే లియేజ్ క్లబ్ వదల్లేదు. కోర్టుకెళ్లాడు, 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం అతని వైపు తీర్పిచ్చింది. అప్పటికి అతని ఆట అయిపోయింది. ఈరోజు ఫ్రీగా క్లబ్ మారే ప్రతి ఆటగాడూ ఆ మనిషికి రుణపడి ఉన్నాడు.

జీతం అంకె పక్కన అది పన్నుకి ముందా, పన్ను పోగా చేతికొచ్చేదా అని రాసి ఉందా? కొన్ని దేశాల్లో ఈ రెండింటికీ దాదాపు సగం తేడా ఉంటుంది. ఇల్లు, విమానం టికెట్లు, ఇన్సూరెన్స్ ఎవరిది? జీతం ఏ కరెన్సీలో? మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషన్ ఎక్కడ, ఎవరి ఖర్చు? నోటిమాటగా చెప్పినవన్నీ కాగితం మీదకి రావాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. సంతకం అయ్యాక "మెడికల్ పాసైతేనే చెల్లుతుంది", "వర్క్ పర్మిట్ వస్తేనే చెల్లుతుంది" అని షరతు పెట్టడానికి ఫిఫా ఒప్పుకోదు. మెడికల్, పర్మిట్ పనులు క్లబ్ ముందే చూసుకోవాలి. మీ ముందు పెట్టిన కాగితంలో ఆ వాక్యం కనిపిస్తే పెన్ను కింద పెట్టి లాయర్‌కి చూపించండి. తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయొద్దు.

జీతం ఇవ్వకపోతే వదిలేసి వచ్చేయొచ్చా?

ఊరికే బ్యాగ్ సర్దుకుని రావొద్దు. కనీసం రెండు నెలల జీతం ఆపితే, క్లబ్‌కి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు గడువు పెట్టాలి, అప్పటికీ ఇవ్వకపోతే న్యాయమైన కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఆ తర్వాత ఫిఫా వివాద పరిష్కార విభాగం, అక్కడ నచ్చకపోతే స్విట్జర్లాండ్ లోసాన్‌లో ఉన్న క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టు.

తొందరపడితే ఏమవుతుందో, పట్టువదలకపోతే ఏమవుతుందో రెండూ లస్సానా దియారా కేసులో ఉన్నాయి. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్, చెల్సీ, ఆర్సెనల్, పోర్ట్స్‌మౌత్, రియల్ మాడ్రిడ్ ఆడి రష్యా వెళ్లాడు. 2014లో లోకోమోటివ్ మాస్కోతో జీతం విషయంలో గొడవ, కాంట్రాక్టు రద్దు, అతనే కోటి యూరోలకు పైగా కట్టాలని ఫిఫా తీర్పు. తీసుకుందామనుకున్న బెల్జియం క్లబ్ షార్లెరోయ్, ఆ డబ్బు తన మీద కూడా పడుతుందేమోనని వెనక్కి తగ్గింది, ఒక సీజన్ మొత్తం పోయింది. పదేళ్ల తర్వాత, 2024 అక్టోబర్ 4న, యూరప్ న్యాయస్థానం ఆ ఫిఫా నిబంధనల్లో కొన్ని యూరప్ చట్టానికి విరుద్ధమని చెప్పింది, ఫిఫా వాటిని సవరించాల్సి వచ్చింది. చట్టాన్ని మార్పించిన ఇద్దరూ, బోస్మన్, దియారా, మిడ్‌ఫీల్డర్లే. ఇద్దరూ ఆడాల్సిన వయసులో ఆట పోగొట్టుకుని మరీ మార్పించారు.

ఏజెంట్ కావాలా?

విదేశం వెళ్లాలంటే దాదాపు కావాలి. ఫిఫా పరీక్ష పాసై లైసెన్స్ ఉన్నవాళ్లు మాత్రమే ఏజెంట్లు, పేరు ఫిఫా వెబ్‌సైట్‌లో వెతికి చూడొచ్చు. పేరు లేకపోతే మాట అక్కడితో ఆపేయండి. మైనర్‌తో మాట్లాడాలంటే ముందు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి, గ్రౌండ్ బయట పిల్లవాడిని పక్కకి పిలిచి నంబర్ తీసుకునేవాడిని నేనైతే దగ్గరికి రానివ్వను.

భాష రాదు, తిండి పడదు, ఎలా ఉంటాడు?

తిండి సర్దుకుంటుంది, అమ్మలు పచ్చడి డబ్బాలు ఎలాగూ పంపుతారు. బరువు, కొవ్వు లెక్కలు చూసే క్లబ్ న్యూట్రిషనిస్ట్ చెప్పినట్టు తింటూ ఆదివారం ఒక ముద్ద గోంగూర కలుపుకుంటే ఎవరూ ఏమనరు.

భాష మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మిడ్‌ఫీల్డర్ మ్యాచ్ అంతా అరుస్తూ ఉండాలి: వెనక మనిషి, తిప్పు, టైముంది, వదిలెయ్. ఈ నాలుగు ముక్కలు ఆ దేశ భాషలో రాకపోతే ఎంత ఆడగలిగినా కోచ్ నమ్మడు. క్లారెన్స్ సీడార్ఫ్ సురినామ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగాడు, స్పెయిన్, ఇటలీ, చివర్లో బ్రెజిల్ ఆడాడు, వెళ్లిన ప్రతిచోటా భాష నేర్చుకున్నాడు. మూడు వేర్వేరు క్లబ్బులతో చాంపియన్స్ లీగ్ గెలిచాడు: 1995లో అయాక్స్, 1998లో రియల్ మాడ్రిడ్, 2003, 2007లో మిలాన్. మన పిల్లలకి ఇంగ్లిష్ ధైర్యంగా మాట్లాడటం ఇప్పటినుంచే అలవాటు చేయండి, తప్పులు వచ్చినా పర్వాలేదు.

ఒంటరితనం నిజమైన సమస్య. చలికాలంలో నాలుగింటికే చీకటి పడే ఊళ్లో, గాయంతో గదిలో కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రాడికి వచ్చే టెన్షన్ ఇక్కడ ఉన్నవాళ్లకి అర్థం కాదు. ఫోన్ చేసినప్పుడు "ఆడించారా, గోల్ కొట్టావా" అని కాకుండా తిన్నాడా, ఎవరితో తిరుగుతున్నాడు అని అడగండి.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు బాగా ఆడతాడు. ఇండియాకి ఆడొచ్చా?

అమెరికా పాస్‌పోర్ట్‌తో ఆడలేడు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు సరిపోదు. భారత పాస్‌పోర్ట్ ఉండాలి, మన చట్టంలో రెండు పౌరసత్వాలు లేవు కాబట్టి ఆ పౌరసత్వం వదులుకోవాలి. మిడ్‌ఫీల్డర్ అరాటా ఇజుమి అలాగే చేశాడు, జపాన్‌లో పుట్టి, తండ్రి వైపు భారతీయ మూలాలతో, జపాన్ పౌరసత్వం వదిలి 2013లో భారత్‌కి ఆడాడు. చాలా పెద్ద నిర్ణయం అది, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది.

అమ్మాయిలకి ఈ దారి ఉందా?

ఉంది, ఇప్పుడు అబ్బాయిలకన్నా దగ్గరగా ఉందని కూడా అంటాను. సౌమ్య సంగతి పైన చెప్పాను. పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్ క్లబ్ అపోలోన్ తరఫున మహిళల చాంపియన్స్ లీగ్‌లో ఆడింది, ఆ పోటీలో ఆడిన మొదటి భారతీయురాలు, తర్వాత గ్రీస్‌లో పావోక్‌కి వెళ్లింది. 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి భారత్ ఆసియా కప్‌కి అర్హత సాధించిన మ్యాచ్‌లో రెండు గోల్సూ కొట్టింది మిడ్‌ఫీల్డర్ సంగీత బాస్ఫోర్. పదో తరగతి రాగానే అమ్మాయిల్ని గ్రౌండ్ మాన్పించేస్తున్నారు మనవాళ్లు. దయచేసి మాన్పించకండి.

మా ఊళ్లో చిన్న అకాడమీ నడుపుతున్నాం. మా పిల్లవాడు పెద్దవాడైతే మాకేమైనా వస్తుందా?

వస్తుంది, కానీ రిజిస్ట్రేషన్ ఉంటేనే. కాంట్రాక్టు మధ్యలో ఆటగాడు ఫీజు మీద వేరే దేశం క్లబ్‌కి మారితే, ఆ ఫీజులో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల వరకు తీర్చిదిద్దిన క్లబ్బులకి పంచాలి. 12 నుంచి 15 వరకు ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ఏడాదికి 0.5 శాతం. లెక్క కోసం, ఫీజు 10 కోట్లయితే, మొదటి నాలుగేళ్లు మీ దగ్గర ఆడినందుకు మీకు 10 లక్షలు. ఒక చిన్న అకాడమీకి అది బూట్లు, బంతులు, బస్సు ఛార్జీలు అన్నీ. కానీ ఆ పిల్లవాడు ఏఐఎఫ్‌ఎఫ్ రిజిస్ట్రేషన్‌లో మీ క్లబ్ పేరు మీద లేకపోతే రూపాయి రాదు. చాలా అకాడమీలు ఈ పని చేయడం లేదు, నాకు ఇది నిజంగా కోపం తెప్పిస్తుంది.

చదువు మానేయాలా?

వద్దు. మన లీగ్‌నే చూడండి, 2025 జూలైలో ఐఎస్‌ఎల్‌ని నిర్వాహకులు ఆపేస్తే వందలమంది ఆటగాళ్లు నెలల తరబడి ఎప్పుడు ఆడతామో తెలియకుండా ఉన్నారు. దూరవిద్యలోనైనా డిగ్రీ పూర్తి చేయించండి. మిడ్‌ఫీల్డర్లకి ఆట తర్వాత కోచింగ్ దారి బాగా కలిసొస్తుంది, అలొన్సో లెవర్‌కుసెన్‌ని 2023-24లో ఒక్క ఓటమి లేకుండా జర్మన్ చాంపియన్‌ని చేశాడు, ఫాబ్రెగాస్ ఇటలీలో కోమో జట్టు కోచ్ అయ్యాడు.

ఇప్పుడే ఇంట్లో సిద్ధం చేసుకోవాల్సిన కాగితాలు ఏవి?

పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, పదో తరగతి మెమో, పాస్‌పోర్ట్, నాలుగింటిలోనూ పేరు స్పెల్లింగ్, తేదీ ఒకేలా ఉండాలి. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొట్టి అక్షరంగా ఉంటుంది, ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారేటప్పుడు అంతర్జాతీయ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది కాబట్టి అక్కడ ఇది పట్టుకుంటుంది. స్కూల్లో వయసు తగ్గించి రాయించినవాళ్లు తర్వాత సరిచేయలేక ఇబ్బంది పడతారు, ఆ పని అసలు చేయొద్దు. ఆడిన ప్రతి క్లబ్ రిజిస్ట్రేషన్ కాపీ, గాయాల రిపోర్టులు, స్కాన్‌లు ఒక ఫైల్లో పెట్టండి. పూర్తి మ్యాచ్ వీడియోలు కొన్ని దాచండి, గోల్స్ మాత్రమే ఏరిన మూడు నిమిషాల వీడియో చూసి మిడ్‌ఫీల్డర్‌ని ఎవరూ తీసుకోరు, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడ్డాడో చూడాలనుకుంటారు. ఫోన్ గట్టు మీద పెట్టి తీసినా చాలు, గ్రౌండ్ మొత్తం కనిపించేంత ఎత్తులో పెట్టండి.